విందులో నిలబడిన మనిషి
(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



పెద్ద పెద్ద క్లబ్బుల్లోనూ, హోటళ్లలోనూ, రాయబారుల బంగళాల్లోనూ జరిగే సాయంకాలపు విందుల గురించి మనం పత్రికల్లో చదువుతూనే ఉంటాం. ఎవరెవరు వచ్చారు, ఎవరు ఏ చీర కట్టారు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, అన్నీ ఫొటో చూసి చెప్పేస్తాం. కాని ఆ ఫొటోలో కనబడని మనిషి ఒకరుంటారు. పిలుపు అందుకున్న అతిథి కాదు, అలాగని వడ్డించే మనిషీ కాదు. అందరూ కూర్చుంటే తను నిలబడాలి. అందరూ తింటుంటే తను కనిపెట్టుకుని ఉండాలి. ఆ మనిషే ఫొటోగ్రాఫరు. ఈ పనికీ ఒక చరిత్ర ఉంది. అందులో చీర కట్టుకుని కెమెరా భుజాన వేసుకున్న ఒకావిడ కథ కూడా ఉంది.

ముందు మన హైదరాబాదు సంగతితో మొదలుపెడదాం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో లాలా దీనదయాళ్ అనే ఫొటోగ్రాఫరు ఉండేవాడు. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టాడు, రూర్కీలో ఇంజనీరింగు చదివాడు. నిజాం ఇచ్చిన బిరుదుతో రాజా దీనదయాళ్ అయ్యాడు. దర్బారులూ, కవాతులూ, దొరల వేటలూ ఆయన కెమెరాకే ఎక్కాయి. 1902లో వైస్రాయి కర్జన్ వరంగల్లు వైపు నెక్కొండ అడవిలో పులిని కొట్టి భార్యతో నిలబడిన ఫొటో ఆయన తీసిందే.

అయితే కొలువులో ఇంత జరుగుతున్నా, అంతఃపురంలోని ఆడవాళ్ల ఫొటో తియ్యడానికి మాత్రం వీల్లేదు కదండీ, పరదా! దానికి దీనదయాళ్ ఒక ఉపాయం ఆలోచించాడు. 1892లో హైదరాబాదులో ఆడవాళ్లకని ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు. చుట్టూ ఎత్తయిన గోడలు, లోపల మగవాళ్లకు ప్రవేశం లేదు. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషావిడ. అంటే, కెమెరా వెనక ఆడమనిషి ఉంటే తప్ప కెమెరా ముందుకు ఆడవాళ్లు రాలేని రోజులవి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇక రాత్రి విందుల మాట. ఫొటోకి వెలుతురు కావాలి, విందులేమో దీపాల వెలుగులో జరుగుతాయి. 1887లో జర్మనీలో మెగ్నీషియం పొడి కలిపిన మందు ఒకటి కనిపెట్టారు. దాన్ని పళ్లెంలో పోసి అంటిస్తే భగ్గుమని మండి, కళ్లు చెదిరే వెలుతురు వచ్చేది. వెంబడే గదినిండా తెల్లటి పొగ. జాగ్రత్త తప్పితే చేతులు కాలడం కూడా ఉండేది. అంచేత ఫొటో అంటే అందరూ ఊపిరి బిగబట్టి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని బొమ్మల్లా కూర్చోవలసిందే. పాత గ్రూపు ఫొటోల్లో నవ్వు కనబడదేమని మీరు అనుకునే ఉంటారు, అందుకు ఇదీ ఒక కారణం కావచ్చు.

తర్వాత జర్మనీలోనే ఎర్మనాక్స్ అనే చిన్న కెమెరా వచ్చింది. దాని కటకం పెద్దది, మందు మండించకుండానే దీపాల వెలుతుర్లో ఫొటో పడేది. దాన్ని పట్టుకుని బయల్దేరినవాడు ఎరిక్ సాలమన్. 1886లో బెర్లిన్‌లో పుట్టిన యూదుడు, న్యాయశాస్త్రంలో డాక్టరేటు పొందినవాడు. అతిథుల్లో అతిథిలా ఉండేందుకు పొడుగు కోటూ, తెల్ల టై కట్టుకుని పెద్ద విందులకు వెళ్లేవాడు. మంత్రులు మాట్లాడుకుంటూండగా, అలసి కునుకు తీస్తూండగా, వాళ్లకు తెలియకుండా ఫొటో తీసేవాడు. కోర్టులో ఫొటో నిషేధమంటే టోపీలో కెమెరా దాచుకుని వెళ్లాడు. 1931లో పారిస్‌లో ఒక విందు దగ్గర ఫ్రెంచి నాయకుడు బ్రియాండ్ ఆయన్ని కనిపెట్టి వేలు చూపిస్తే, ఆ చూపించడాన్నే ఫొటో తీశాడు! ఇంత పేరు పొందిన మనిషి చివరికి ఏమయ్యాడంటే చెప్పడానికి నోరు రాదు. హిట్లర్ మనుషులు పట్టుకుపోయారు. 1944లో ఆష్విట్జ్ శిబిరంలో భార్యతోనూ, ఒక కొడుకుతోనూ ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఎందరో ప్రభువుల విందుల్లో ఆయన తిరిగాడు, వాళ్లలో ఎవరి పరిచయమూ ఆయన్ని కాపాడలేకపోయింది.

ఇప్పుడు మనావిడ సంగతికి వద్దాం. పేరు హొమాయ్ వ్యారావాలా. 1913 డిసెంబరు 9న గుజరాతులోని నవసారిలో ఒక పార్సీ కుటుంబంలో పుట్టారు. తండ్రి నాటక కంపెనీలో నటుడు, ఊరూరా తిరిగే బ్రతుకు. బొంబాయి చేరి చదువుకున్నారు. సర్ జె.జె. ఆర్ట్ స్కూల్లో చిత్రలేఖనం నేర్చుకున్నారు. ఫొటోగ్రఫీ నేర్పినది మానెక్‌షా వ్యారావాలా. పదమూడో ఏట పరిచయమై, తరువాత ఆవిడకు భర్త అయ్యారు. ఆవిడకు మొదటి సంపాదన ఏమిటో తెలుసా? ఆడవాళ్ల క్లబ్బు వాళ్లు పిక్నిక్కుకు వెళితే ఆ ఫొటోలు తీశారు. 1938లో అవి బాంబే క్రానికల్ పత్రికలో పడ్డాయి. ఫొటోకి ఒక రూపాయి! తర్వాత తీసిన ఫొటోలు కొన్ని భర్త పేరు మీదనే అచ్చయ్యాయి. ఆడమనిషి తీసిందంటే జనం నమ్మరని ఆ రోజుల్లో అనుకునేవారు.

1942లో భార్యాభర్తలు ఢిల్లీకి వెళ్లారు, బ్రిటిష్ సమాచార శాఖలో ఉద్యోగం. అక్కడ మొదలయ్యాయి అసలైన విందులు. రాయబారుల ఇళ్లు, స్వాగత సభలు, దేశాధినేతల రాకపోకలు. 1958లో హో చి మిన్, 1961లో ఎలిజబెత్ రాణి, 1962లో జాకెలీన్ కెనడీ మన దేశానికి వస్తే, ఆవిడ కెమెరా అక్కడ ఉంది.

ఆ పని ఎంత కష్టమో వినండి. స్పీడ్ గ్రాఫిక్ కెమెరా పెద్ద పెట్టెలా ఉంటుంది, చేతికి బరువు. ఒక్కో ఫొటోకి ఒక్కో ఫిల్ము రేకు వెయ్యాలి, ఒక్కో ఫొటోకి ఒక్కో ఫ్లాష్ బల్బు మార్చాలి. వెలిగిన బల్బు కాలిపోయి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది, దాన్ని ఊడదీసి పారేసి మరొకటి పెట్టేలోపల మంత్రిగారు వెళ్లిపోతారు. రోలీఫ్లెక్స్ కెమెరా అయితే చుట్టకు పన్నెండు ఫొటోలే. సంచీలో ఉన్న బల్బులు లెక్క చూసుకుని తియ్యాలన్నమాట. మనం నెలాఖరులో డబ్బాలోని పంచదారను చూసుకుని వాడినట్టు. ఇంటికొచ్చాక ఫిల్ము కడగడం, ఫొటోలు ముద్ర వెయ్యడం చాలావరకు ఆయన చూసుకునేవారు. ఒకరు విందుకు వెళ్తే మరొకరు చీకటి గదిలో. సంసారమంటే ఇలా పంచుకోవడమే కదా!

ఇందాక గుర్తుంచుకోమన్నాను, చూడండి. చీర కట్టుకున్న ఆడమనిషి కెమెరాతో తిరుగుతుంటే మొదట్లో మగవాళ్లు సరదాకి పట్టుకుందిలే అనుకుని పట్టించుకోలేదట. మగవాళ్లను ఆపేసే చోట్లకు కూడా ఆవిడను వెళ్లనిచ్చారు. తేలిక చేసిన వాళ్లే దారి ఇచ్చారన్నమాట! విమానాశ్రయంలో "ఫొటోలు తీయరాదు" అన్న బోర్డు పక్కనే నెహ్రూగారు నిలబడి ఉండగా ఆవిడ తీసిన ఫొటో ఇప్పటికీ చూసేవాళ్లను నవ్విస్తుంది. పత్రికల్లో ఆవిడ మారుపేరు "డాల్డా 13". మన వంటింటి డాల్డాకు దానితో సంబంధం లేదు. పుట్టిన సంవత్సరంలోని 13, భర్త పరిచయమైన ఏట 13, కారు నెంబరు డి.ఎల్.డి. 13. అంతే!

1969లో భర్త పోయారు. మరుసటి ఏడు, 1970లో, ఆవిడ కెమెరా పక్కన పెట్టేశారు. ఒక్క దుఃఖమే కారణం కాదు. ఆ కాలం ఫొటోగ్రాఫర్లకు ఒక మర్యాద ఉండేది. దానికి తగ్గ దుస్తులు వేసుకుని వెళ్లేవారు, ఒకళ్లనొకళ్లు గౌరవించుకునేవారు. కొత్తగా వచ్చినవాళ్లలో తోసుకోవడం, డబ్బు యావ చూసి, ఈ గుంపులో నేనుండనని తప్పుకున్నారు. తర్వాత నలభై ఏళ్లు కెమెరా ముట్టలేదు. చివరికి వడోదరాలో స్థిరపడ్డారు. 1989లో ఒక్కగానొక్క కొడుకునూ పోగొట్టుకుని, ఇంటి పనులన్నీ తన చేత్తోనే చేసుకుంటూ బ్రతికారు. 2011లో పద్మవిభూషణ్ వచ్చింది. 2012 జనవరి 15న కన్నుమూశారు. ఆవిడ తీసిన ఫొటోలు ఢిల్లీలోని అల్కాజీ ఫౌండేషన్ వారి దగ్గర ఉన్నాయి.

సాలమన్‌నూ, హొమాయ్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆయన దాక్కుని తీశాడు, ఈవిడ ఎదుట నిలబడి తీసింది. పెద్దవాళ్లు కూడా మనలాంటి మనుషులేనని లోకానికి చూపించినందుకు ఆయనకు నమస్కారం పెట్టవలసిందే. కాని ఆ దొంగచూపు అలవాటు చేతకానివాళ్ల చేతిలో పడితే ఎవరి పరువుకూ దిక్కుండదు. ఎప్పుడు తియ్యాలో తెలిసినవాళ్లు చాలామందే ఉంటారు. ఎప్పుడు తియ్యకూడదో తెలిసినవాళ్లే తక్కువ. నలుగురిలో చెంగు జారిన ఆడమనిషినీ, కన్నీళ్లు తుడుచుకుంటున్న తల్లినీ చూసి కెమెరా దించుకునేవాడే నిజమైన పనివాడు. ఇప్పుడైతే ప్రతి చేతిలోనూ ఫోనులో కెమెరా ఉంది. అంచేత ఈ మర్యాద ఫొటోగ్రాఫర్లకే కాదు, మనకూ, మన పిల్లలకూ కావాలి.

మీ ఇంట్లో శుభకార్యం జరిగినప్పుడు రెండు పనులు చెయ్యండి. పొద్దున్నించీ నిలబడి ఉన్న ఆ ఫొటోగ్రాఫరును వేళకు పిలిచి, పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెట్టండి. ఫొటోలు చేతికొచ్చాక వెనకవైపు తేదీ, ఊరు, అందులోని వాళ్ల పేర్లతో పాటు ఫొటో తీసిన వాళ్ల పేరు కూడా రాసిపెట్టండి. మొగుడి పేరు మీద అచ్చయిన ఆ ఫొటోలు హొమాయ్‌గారివని మనకు ఇవాళ తెలిసిందంటే, ఎవరో ఒకరు ఆ పేరు రాసిపెట్టబట్టే కదా!