విజయవాడ నగరపాలక సంస్థ ఎన్నికలు, 2021

విజయవాడ నగరపాలక సంస్థ పాలకమండలికి 2021 మార్చి 10న ఎన్నికలు జరిగినవి. ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలో అదే రోజున పోలింగు జరిగిన 12 నగరపాలక సంస్థలలో ఇది ఒకటి. మార్చి 14న ఓట్లను లెక్కించారు. మొత్తం 64 డివిజన్లలో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పార్టీ 49, తెలుగుదేశం పార్టీ 14, భారత కమ్యూనిస్టు పార్టీ (మార్క్సిస్టు) 1 గెలుచుకున్నవి. మార్చి 18న జరిగిన పాలకమండలి ప్రత్యేక సమావేశంలో 46వ డివిజన్ కార్పొరేటర్ రాయన భాగ్యలక్ష్మి మేయరుగా ఎన్నికయ్యారు.

నేపథ్యం

కృష్ణా నది ఉత్తరపు ఒడ్డున ఉన్న బెజవాడ 1888 ఏప్రిల్ 1న పురపాలక సంఘంగా ఏర్పడినది. 1981లో దీనికి నగరపాలక సంస్థ హోదా లభించినది. భారత కమ్యూనిస్టు పార్టీకి చెందిన టి. వెంకటేశ్వరరావు మొదటి మేయరు. రాష్ట్రంలో మేయరును ఎన్నుకొనే పద్ధతి పలుమార్లు మారుతూ వచ్చినది. 2000 సంవత్సరంలో నగర ఓటర్లు మేయరును నేరుగా ఎన్నుకోగా, తెలుగుదేశం అభ్యర్థి పంచుమర్తి అనూరాధ 26 ఏళ్ల వయసులో ఆ పదవిని పొందారు. 2005 నుండి మేయరును కార్పొరేటర్లు ఎన్నుకొనే పరోక్ష పద్ధతి అమలులోకి వచ్చినది.

2005లో ఎన్నికైన పాలకమండలి గడువు 2010లో ముగిసినది. ఆ తరువాత 2014 వరకు ఎన్నికలు జరుగనందున నగరం ప్రత్యేకాధికారి పాలనలో ఉన్నది. 2014 మార్చి 30న 59 డివిజన్లకు పోలింగు జరిగినది. సాధారణ ఎన్నికలపై ప్రభావం పడకూడదన్న ఉద్దేశంతో ఓట్ల లెక్కింపును మే 12 వరకు ఆపి ఉంచారు. ఆ ఎన్నికలలో తెలుగుదేశం ఆధిక్యత సాధించగా కోనేరు శ్రీధర్ మేయరు అయ్యారు. ఈ పాలకమండలి గడువు 2019 జూలైలో ముగియడంతో నగరం మరల ప్రత్యేకాధికారి చేతికి వెళ్లినది. ఆ తరువాత జరిగిన పునర్విభజనలో డివిజన్ల సంఖ్య 59 నుండి 64కు పెరిగినది. 2011 జనాభా లెక్కల ప్రకారం నగరపాలక సంస్థ పరిధిలోని జనాభా 10 లక్షలకు పైగా ఉన్నది.

ఎన్నికల విధానం

ప్రతి డివిజన్ నుండి ఒక కార్పొరేటరును ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు. అత్యధిక ఓట్లు పొందిన అభ్యర్థి గెలిచినట్లు ప్రకటిస్తారు. షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, వెనుకబడిన తరగతులు, మహిళలకు డివిజన్లలో రిజర్వేషన్లు కలవు. రాష్ట్రంలోని స్థానిక సంస్థలలో సగం స్థానాలు మహిళలకు కేటాయించబడినవి. ఈ ఎన్నికలలో విజయవాడ మేయరు పదవి కూడా మహిళకే రిజర్వు అయినది. ఇద్దరి కంటే ఎక్కువ సంతానం ఉన్నవారు స్థానిక ఎన్నికలలో పోటీ చేయరాదన్న నిబంధన అప్పటికి అమలులో ఉన్నది. దానిని 2024 నవంబరులో శాసనసభ రద్దు చేసినది.

మేయరు ఎన్నిక చేతులెత్తే పద్ధతిలో జరుగుతుంది. రాజకీయ పార్టీలు తమ సభ్యులకు విప్ జారీ చేయవచ్చును. కార్పొరేటర్లతో పాటు ఎక్స్ అఫీషియో సభ్యులైన శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులకు కూడా ఓటు ఉంటుంది. బలాబలాలు దగ్గరగా ఉన్నచోట ఈ ఓట్లే ఫలితాన్ని నిర్ణయిస్తాయి. ఇవే ఎన్నికలలో కడప జిల్లా మైదుకూరు పురపాలక సంఘంలో తెలుగుదేశం పార్టీకి వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ కంటే ఒక వార్డు ఎక్కువ వచ్చినప్పటికీ, ఎక్స్ అఫీషియో ఓట్ల సహాయంతో అధ్యక్ష పదవి వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు దక్కినది.

మేయరు పాలకమండలి సమావేశాలకు అధ్యక్షత వహిస్తారు. పరిపాలనను నడిపే అధికారం మాత్రం రాష్ట్ర ప్రభుత్వం నియమించే కమీషనరుకు ఉంటుంది. నగర బడ్జెటును ఆమోదించడం, పన్నులు, పనులకు సంబంధించిన తీర్మానాలు చేయడం పాలకమండలి ముఖ్య బాధ్యతలు.

వాయిదా, న్యాయ వివాదాలు

ఈ ఎన్నికల ప్రక్రియ నిజానికి 2020 మార్చిలోనే మొదలైనది. నామినేషన్ల స్వీకరణ పూర్తయిన తరువాత, కోవిడ్-19 వ్యాప్తి కారణంగా మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమీషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్ ఎన్నికలను వాయిదా వేశారు. ఎన్నికైన పాలకవర్గాలు లేకపోతే ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయని వాదిస్తూ రాష్ట్ర ప్రభుత్వం సుప్రీం కోర్టును ఆశ్రయించినది. వాయిదా నిర్ణయంలో జోక్యం చేసుకొనేందుకు న్యాయస్థానం నిరాకరించినది. అయితే ఎన్నికల ప్రవర్తనా నియమావళిని ఎత్తివేయాలని ఆదేశించినది.

2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు ద్వారా ఎన్నికల కమీషనర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుండి మూడేళ్లకు తగ్గించినది. దీనితో రమేష్ కుమార్ పదవి కోల్పోగా, విశ్రాంత న్యాయమూర్తి వి. కనగరాజ్ ఆ స్థానంలో నియమితులయ్యారు. మే 29న హైకోర్టు ఈ ఆర్డినెన్సును కొట్టివేసినది. ఆ తరువాత రమేష్ కుమార్ తిరిగి బాధ్యతలు చేపట్టారు. రాజ్యాంగబద్ధమైన ఎన్నికల సంఘానికి, ఎన్నికైన ప్రభుత్వానికి మధ్య అధికార పరిధులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయన్న ప్రశ్నను ఈ వివాదం ముందుకు తెచ్చినది.

2021 ఫిబ్రవరిలో నాలుగు దశలలో పంచాయితీ ఎన్నికలు జరిగినవి. పురపాలక ఎన్నికలను మొదటినుండి కాక, 2020లో ఆగిన చోటనుండే కొనసాగించాలని కమీషన్ నిర్ణయించి, ఫిబ్రవరి 15న కొత్త తేదీలను ప్రకటించినది. అందువలన ఏడాది క్రితం దాఖలైన నామినేషన్ల ఆధారంగానే పోటీ జరిగినది.

పార్టీలు, ప్రచారం

విజయవాడ నగరం పశ్చిమ, మధ్య, తూర్పు శాసనసభ నియోజకవర్గాలలో విస్తరించి ఉన్నది. 2019 శాసనసభ ఎన్నికలలో పశ్చిమ, మధ్య స్థానాలను వై.ఎస్.ఆర్. కాంగ్రెస్, తూర్పు స్థానాన్ని తెలుగుదేశం గెలుచుకున్నవి. మధ్య నియోజకవర్గంలో మల్లాది విష్ణు ఆధిక్యత కేవలం 25 ఓట్లు. విజయవాడ లోక్‌సభ స్థానం తెలుగుదేశం అభ్యర్థి కేశినేని శ్రీనివాస్ (నాని)కి దక్కినది. ఈ కారణాలచేత నగరంలో పోటీ గట్టిగా ఉంటుందని భావించారు.

తెలుగుదేశం పార్టీ పార్లమెంటు సభ్యుని కుమార్తె కేశినేని శ్వేతను మేయరు అభ్యర్థిగా ప్రకటించినది. పోలింగుకు కొద్ది రోజుల ముందు పార్లమెంటు సభ్యునికి, నగరంలోని ఇతర నాయకులకు మధ్య విభేదాలు బయటపడ్డాయి. భారత కమ్యూనిస్టు పార్టీ తెలుగుదేశంతో కలిసి, మార్క్సిస్టు పార్టీ విడిగా పోటీ చేసినవి. భారతీయ జనతా పార్టీ, జనసేన పొత్తులో ఉన్నవి. వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ మేయరు అభ్యర్థిని ముందుగా ప్రకటించలేదు.

ప్రచారంలో ముఖ్యాంశాలు:

- రాజధాని: మూడు రాజధానుల ప్రతిపాదన 2019 డిసెంబరులో వెలువడినది. అమరావతికి చేరువలో ఉన్న విజయవాడ, గుంటూరు నగరాల తీర్పు రాజధానిపై అభిప్రాయానికి కొలమానమని తెలుగుదేశం ప్రచారం చేసినది.
- సంక్షేమ పథకాలు: ఇళ్ల స్థలాలు, పింఛన్లు, వార్డు సచివాలయాలను అధికార పార్టీ ప్రధానంగా చెప్పుకున్నది.
- ఆస్తి పన్ను: అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువపై పన్ను లెక్కించే చట్ట సవరణ 2020లో జరిగినది. దీనివలన భారం పెరుగుతుందని వామపక్షాలు వ్యతిరేకించినవి.
- వరద: కృష్ణలంక, రాణిగారితోట ప్రాంతాలకు నది వెంట రక్షణ గోడ, బుడమేరు ముంపు, కొండ ప్రాంత నివాసాలకు మంచినీరు నగరపు దీర్ఘకాలిక సమస్యలు.

పోలింగు, ఫలితాలు

మార్చి 10న ఉదయం 7 గంటల నుండి సాయంత్రం 5 గంటల వరకు బ్యాలెట్ పత్రాలతో పోలింగు జరిగినది. మార్చి 14న ఆంధ్ర లయోలా కళాశాలలో ఓట్లు లెక్కించారు.

- వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పార్టీ (గుర్తు: సీలింగు ఫ్యాను) - 49
- తెలుగుదేశం పార్టీ (గుర్తు: సైకిలు) - 14
- మార్క్సిస్టు పార్టీ (గుర్తు: సుత్తి, కొడవలి, నక్షత్రం) - 1
- మొత్తం డివిజన్లు - 64

భారత కమ్యూనిస్టు పార్టీ, భారతీయ జనతా పార్టీ, జనసేన ఖాతా తెరవలేదు. తొలి మేయరును అందించిన పార్టీకి పాలకమండలిలో స్థానం లేకపోవడం నగర రాజకీయాలలో వచ్చిన మార్పును సూచిస్తుంది. కేశినేని శ్వేత 11వ డివిజన్ నుండి గెలిచారు. రాష్ట్రవ్యాప్తంగా ఆ రోజు లెక్కింపు జరిగిన 11 నగరపాలక సంస్థలూ వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పరమైనవి. హైకోర్టు ఆదేశాల వలన ఆగిన ఏలూరు లెక్కింపు జూలై 25న జరుగగా, అక్కడ కూడా అదే పార్టీ గెలిచినది.

అనంతర పరిణామాలు

బెల్లం దుర్గ ఉపమేయరుగా ఎన్నికయ్యారు. నగరపాలక సంస్థలకు రెండవ ఉపమేయరు ఉండేలా ప్రభుత్వం చట్టాన్ని సవరించడంతో 2021 జూలైలో అవుతు శైలజారెడ్డి ఆ పదవికి ఎన్నికయ్యారు. కేశినేని శ్వేత 2024 జనవరిలో కార్పొరేటర్ పదవికి, తెలుగుదేశం పార్టీకి రాజీనామా చేశారు.

2024 జూన్‌లో రాష్ట్రంలో తెలుగుదేశం, జనసేన, భారతీయ జనతా పార్టీల కూటమి అధికారానికి వచ్చినది. అందువలన రాష్ట్రంలో ఒక పక్షం, నగర పాలకమండలిలో మరొక పక్షం ఉండే పరిస్థితి ఏర్పడినది. అదే ఏడాది సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీట మునిగినవి. ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పటికీ, రక్షణ గోడ వెనుక ఉన్న కృష్ణలంకకు చాలావరకు ముప్పు తప్పినది. 2021 ప్రచారంలో రాజధాని చర్చ మాటున ఉండిపోయిన మురుగు కాలువలు, ముంపు సమస్యలు ఈ వరదతో నగరపు మొదటి సమస్యగా ముందుకు వచ్చినవి.