పల్స్ ఇండక్షన్ మెటల్ డిటెక్టర్: సొంత తయారీలో లోపాల గుర్తింపు

పల్స్ ఇండక్షన్ మెటల్ డిటెక్టర్ ఒక తీగచుట్ట (కాయిల్) లోకి క్షణకాలం విద్యుత్తును పంపి, దాన్ని ఒక్కసారిగా ఆపి, ఆ వెంటనే దగ్గరలోని లోహం నుంచి వచ్చే సన్నని స్పందనను పట్టుకునే పరికరం. ఈ పని సెకనుకు వందకు పైగా సార్లు జరుగుతుంది. విడిభాగాలు తక్కువ, ఖర్చు తక్కువ. అందుకే ఎలక్ట్రానిక్స్ నేర్చుకునేవారు తొలినాళ్లలో చేపట్టే పనుల్లో ఇదొకటి. అయితే మొదటిసారి బిగించిన సెట్టు స్విచ్ వేయగానే పలకడం అరుదు. అప్పుడు చాలామంది తోచిన భాగాన్నల్లా మార్చుకుంటూ పోతారు. కొలవకుండా ఏ భాగాన్నీ మార్చకూడదన్నది ఈ పనిలో మొదటి నియమం. రష్యన్ అభిరుచిదారుల్లో పుట్టి ఎన్నో దేశాలకు పాకిన ‘పిరాట్’ రకం సర్క్యూట్ ఆధారంగా, చెన్నైలోని పెరంబూరు వంటి రైల్వే ప్రాంతంలో ఈ సెట్టును సరిచేసుకునే క్రమం ఇక్కడ ఉంది.

చరిత్ర

1881 జులైలో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. ఆయన శరీరంలోని తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోన్ సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహంబెల్ విద్యుదయస్కాంత ప్రేరణతో పనిచేసే సాధనం తయారుచేశాడు. అది ప్రయోగాల్లో పనిచేసింది, అధ్యక్షుడి దగ్గర విఫలమైంది. ఆయన పడుకున్న పరుపులో ఉక్కు తీగలున్నాయని తర్వాత తేలింది. సాధనంలో లోపం వెతికేముందు దాని చుట్టూ ఏముందో చూడాలని ఈ ఘటన చెబుతుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో పోలండ్ అధికారి యూజెఫ్ కొసాత్స్‌కీ రూపొందించిన మందుపాతరల శోధకం సైన్యాల చేతికి వచ్చింది. 1960లలో బ్రిటన్‌లో పురావస్తు అన్వేషణ కోసం పల్స్ పద్ధతిపై ప్రయోగాలు సాగాయి. దాన్ని ఆ తర్వాతి దశాబ్దాల్లో అభివృద్ధి చేసినవారిలో ఎరిక్ ఫోస్టర్ ప్రముఖుడు.

పనిచేసే విధానం

555 టైమర్ ఐసీ సెకనుకు 120 నుంచి 150 పల్సులు పుట్టిస్తుంది. ఒక్కో పల్సు సుమారు 130 మైక్రోసెకన్లు ఉంటుంది. ఆ కొద్దిసేపు ఐఆర్‌ఎఫ్740 మాస్ఫెట్ స్విచ్ లాగా మూసుకుని బ్యాటరీ కరెంటును కాయిల్‌లోకి వదులుతుంది, చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. మాస్ఫెట్ ఒక్కసారిగా తెరుచుకోగానే ఆ క్షేత్రం కూలిపోతుంది. అప్పుడు కాయిల్ కొసల మధ్య కొన్ని వందల వోల్టుల ఒత్తిడి క్షణంలో లేచి పడుతుంది.

దగ్గరలో లోహం ఉంటే కూలిపోతున్న క్షేత్రం దానిలో సుడి ప్రవాహాలను పుట్టిస్తుంది. అవి కొన్ని మైక్రోసెకన్లపాటు నిలిచి, తమ సొంత క్షేత్రాన్ని కాయిల్ వైపు పంపుతాయి. కాయిల్ తన ఒత్తిడి పూర్తిగా దిగిపోయాక మాత్రమే ఈ స్పందనను వినగలదు. అది తొందరగా దిగేలా చూసేది కాయిల్‌కు సమాంతరంగా ఉండే డ్యాంపింగ్ రెసిస్టర్. ఆ తర్వాత టీఎల్072 ఆంప్లిఫయర్ ఐసీ స్పందనను పెద్దదిచేసి స్పీకరుకు చేరుస్తుంది. సెట్టులో ఏ లోపమైనా బ్యాటరీ, పల్సు, కాయిల్, డ్యాంపింగ్, ఆంప్లిఫయర్, శబ్దం అనే ఆరు అంచెల్లో ఎక్కడో ఒకచోట ఉంటుంది. వెతుకులాట కూడా ఇదే వరుసలో సాగాలి.

సరైన కొలతలు

కాయిల్‌కు మోటారు రివైండింగ్ షాపుల్లో దొరికే 25 గేజీ ఎనామెల్ రాగితీగ సరిపోతుంది, దాని మందం సుమారు 0.5 మిల్లీమీటర్లు. 19 సెంటీమీటర్ల వ్యాసంతో 25 చుట్లు చుడితే 15 మీటర్ల తీగ పడుతుంది. దాని నిరోధం 1.3 ఓమ్‌లు, ప్రేరకత 260 నుంచి 300 మైక్రోహెన్రీలు. చిన్న మల్టీమీటరుతో కొలిచేటప్పుడు ముందు రెండు ప్రోబులను కలిపి చూసి, వచ్చిన అంకెను కాయిల్ కొలతలోంచి తీసేయాలి.

12 వోల్టుల బ్యాటరీతో ఒక్కో పల్సు చివర కాయిల్‌లో కరెంటు 3 నుంచి 4 ఆంపియర్లకు చేరుతుంది. పల్సు ఉండే సమయం మొత్తంలో రెండు శాతం కూడా కాదు కాబట్టి బ్యాటరీ నుంచి సగటున 30 నుంచి 40 మిల్లీఆంపియర్లే ఖర్చవుతుంది. మాస్ఫెట్ గేటు దగ్గర మీటరును డీసీలో పెడితే 0.2 వోల్టుల దగ్గర చూపాలి. ఫ్రీక్వెన్సీ కొలిచే మీటరు 555 మూడో పిన్ను దగ్గర 120 నుంచి 150 హెర్ట్జ్ చూపాలి. ఈ నాలుగైదు అంకెలు సరిపోయాయంటే సెట్టులో సగభాగం బాగున్నట్టే.

మొదటిసారి కరెంటు ఇవ్వడం

బ్యాటరీ పాజిటివ్ తీగలో 12 వోల్టుల, 5 వాట్ల బండి బల్బును సిరీస్‌లో కలిపి స్విచ్ వేయాలి. అన్నీ సరిగా ఉంటే సగటు కరెంటు చాలా తక్కువ కాబట్టి బల్బు వెలగదు. ధగధగా వెలిగితే ఎక్కడో షార్టు ఉంది, లేదా మాస్ఫెట్ మూసుకునే ఉండిపోయింది. బల్బు అడ్డంగా ఉన్నందువల్ల ఏదీ కాలిపోదు. ఈ పరీక్ష నెగ్గాకే బల్బు తీసి ఒక ఆంపియరు ఫ్యూజు పెట్టాలి.

పనిచేస్తున్న మాస్ఫెట్ లోహపు పలకను, కాయిల్ కొసలను వేలితో తాకకూడదు. బ్యాటరీది 12 వోల్టులే అయినా అక్కడ లేచే పల్సు ఒత్తిడి వందల వోల్టులు.

లక్షణాలు, కారణాలు, పరిష్కారాలు

శబ్దం లేదు, కరెంటు ఖర్చూ లేదు: పల్సులు పుట్టడం లేదు, లేదా అవి కాయిల్‌కు చేరడం లేదు. 555లో ఎనిమిదో పిన్నుకు, ఒకటో పిన్నుకు మధ్య బ్యాటరీ వోల్టేజీ ఉందో లేదో చూడాలి. నాలుగో పిన్ను రీసెట్ కాబట్టి అది పాజిటివ్‌కు కలిసి ఉండాలి. ఐసీ తిరగబడి ఉంటే గంటు ఉన్న వైపు చూసి సరిచేయాలి. మూడో పిన్ను దగ్గర పల్సులున్నా ఖర్చు పెరగకపోతే కాయిల్ కనెక్షన్ తెగి ఉంటుంది. దీనికి తరచు కారణం తీగ కొసల ఎనామెల్ పూర్తిగా గీకకపోవడం. పైకి సోల్డర్ అంటినట్టు కనిపించినా లోపల పూత అడ్డుకుంటుంది. బ్లేడుతోనో సాండ్ పేపరుతోనో రాగి మెరిసేదాకా గీకి మళ్లీ అతకాలి.

పల్సుల ఉనికిని పాత ట్రాన్సిస్టర్ రేడియోతోనూ తెలుసుకోవచ్చు. మీడియం వేవ్‌లో స్టేషన్ లేనిచోట పెట్టి కాయిల్ దగ్గరకు తెస్తే బర్రుమనే చప్పుడు వినిపిస్తుంది. సెట్టు ఆపగానే చప్పుడూ ఆగాలి.

మాస్ఫెట్ కాలుతోంది: సరైన సెట్టులో కూలే క్షేత్రపు శక్తి సెకనుకు పావు జౌలు దాకా ఉంటుంది. అంచేత మాస్ఫెట్ కొద్దిగా వెచ్చబడటం మామూలే. సెట్టు ఆపి చూసినప్పుడు తాకలేనంత వేడిగా ఉందంటే పల్సు మరీ పొడవుగా ఉంది, లేదా గేటుకు నిరంతరం వోల్టేజీ అందుతోంది. గేటు దగ్గర 0.2 బదులు 12 వోల్టులు కనిపిస్తే దోషం 555లోనో, దానికీ గేటుకూ మధ్యనున్న ట్రాన్సిస్టరులోనో ఉంది. సెట్టు ఆపి, కాయిల్ విప్పి, డ్రెయిన్, సోర్సుల మధ్య మీటరును రెండువైపులా పెట్టి చూడాలి. రెండువైపులా సున్నా చూపితే మాస్ఫెట్ పోయినట్టే. పోవడానికి కారణం తెలియకుండా కొత్తది పెడితే అదీ పోతుంది.

నిరంతరం మోత: ముందు కాయిల్‌ను ఇనుప మంచం, బీరువా, మేకులున్న బల్ల నుంచి దూరంగా తీసుకెళ్లాలి. చెక్క స్టూలు మీద, లేదా ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టి చూడాలి. ఆర్‌సీసీ నేలలోని ఇనుప కడ్డీలనూ సెట్టు పట్టుకుంటుంది. డాబా మీద పరీక్షించేటప్పుడు కాయిల్‌ను నిలువుగా పట్టుకుని, ఎత్తుగా ఉంచాలి. అయినా మోత తగ్గకపోతే డ్యాంపింగ్ రెసిస్టర్‌ను అనుమానించాలి.

దీని విలువకు ఓ సులువైన లెక్క ఉంది. కాయిల్ ప్రేరకతను, కాయిల్, కేబుల్, మాస్ఫెట్‌ల మొత్తం కెపాసిటెన్సుతో భాగించి, వర్గమూలం తీసి, సగం చేయాలి. 260 మైక్రోహెన్రీలు, 500 పికోఫారడ్‌లు అనుకుంటే 360 ఓమ్‌ల దగ్గర వస్తుంది. పిరాట్ నిర్మాణాల్లో 390 ఓమ్‌లు ఎక్కువగా కనిపించేది ఇందుకే. విలువ పెరిగితే కాయిల్ గంటలా మోగుతూనే ఉంటుంది. తగ్గితే ఒత్తిడి నిదానంగా దిగి చిన్న వస్తువుల స్పందనను మింగేస్తుంది. కాయిల్ మారిస్తే ఈ విలువను మళ్లీ సరిచూడాలి. ఈ రెసిస్టర్ మీద వందల వోల్టులు పడతాయి కాబట్టి ఒకే చిన్న రెసిస్టర్ బదులు రెండింటిని సిరీస్‌లో పెట్టడం క్షేమం.

శబ్దం ఉంది, లోహం పట్టదు: టీఎల్072లో ఎనిమిదో పిన్నుకు, నాలుగో పిన్నుకు మధ్య సప్లై కొలవాలి. ఆంప్లిఫయర్ ముందు ఎదురుబొదురుగా ఉండే రెండు చిన్న డయోడ్లలో ఒకటి షార్టయినా స్పందన లోపలికి రాదు. కాయిల్ చుట్టూ అల్యూమినియం రేకు చుట్టి ఉంటే దాని రెండు కొసలు కలిశాయేమో చూడాలి. కలిస్తే ఆ రేకే ఓ మూసిన లోహపు గాజులా మారి, కాయిల్ తననే తాను లోహంగా చూస్తుంది. కొసల మధ్య రెండు సెంటీమీటర్ల ఖాళీ వదిలి, రేకును ఒక్కచోట మాత్రమే గ్రౌండుకు కలపాలి. బ్యాటరీ 10 వోల్టులకు దిగినా లోహాన్ని పట్టే దూరం తగ్గిపోతుంది.

కాయిల్‌ను కదిపితే, తడితే చప్పుడు: చుట్లు వదులుగా ఉన్నాయి, లేదా కేబుల్ అతుకు డ్రై సోల్డర్ అయ్యింది. అతుకు మళ్లీ వేడిచేసి, చుట్లను టేపుతో బిగించి, వార్నిషుతోనో ఎపాక్సీతోనో కదలకుండా చేయాలి.

పెరంబూరు పరిసరాల ప్రభావం

పెరంబూరు రైల్వే పేట. లోకో వర్క్స్, క్యారేజ్ వర్క్స్, 1955 అక్టోబరు 2న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ ఈ ప్రాంతానికి పేరు తెచ్చాయి. చేతిపనిలో ఆరితేరినవారికి ఇక్కడ కొదవ లేదు. విడిభాగాల కోసం అన్నాసాలైకి ఆనుకుని ఉన్న రిచీ స్ట్రీట్ అందుబాటులోనే ఉంది. సెట్టుకు ఎదురయ్యే ఇబ్బంది కూడా ఆ రైల్వే నుంచే వస్తుంది. రైలు పట్టాల పైనున్న తీగల్లో 25 కిలోవోల్టుల, 50 హెర్ట్జ్ విద్యుత్తు ప్రవహిస్తుంది. పక్కపక్కనే ఉన్న ఇళ్ల వైరింగు, ఎల్‌ఈడీ దీపాల డ్రైవర్లు, ఛార్జర్లు కూడా తమ వంతు అలజడిని కాయిల్‌కు పంపుతాయి.

ఈ అలజడిని గుర్తుపట్టడానికి ఓ దారి ఉంది. లోహం ఏదీ లేకుండా కాయిల్‌ను ఒకేచోట ఉంచి, నెమ్మదిగా తిప్పాలి. నిలబెట్టిన దిశ మారేకొద్దీ చప్పుడు పెరుగుతూ తగ్గుతూ ఉంటే దోషం బయటిది. పల్సుల రేటు సరిగ్గా 100కో 150కో దగ్గరగా ఉంటే 50 హెర్ట్జ్‌తో కలిసి చప్పుడు అలలా ఊగుతుంది. 555 దగ్గరి రెసిస్టర్ కొద్దిగా మార్చి రేటును 130 దగ్గరకు తెస్తే ఊగడం బాగా తగ్గుతుంది. సెట్టును అడాప్టరుతో కాక బ్యాటరీతోనే నడపాలి. ఇంట్లో మెయిన్ ఆపి ఒకసారి, వేసి ఒకసారి పోల్చితే ఏది ఇంటిదో, ఏది బయటిదో తేలిపోతుంది.

ఏది ఎంత దూరం నుంచి

సరిగా కుదిరిన పిరాట్ సెట్టు నాణేన్ని గాలిలో సుమారు 20 సెంటీమీటర్ల నుంచి, పెద్ద లోహపు వస్తువును మీటరున్నర దాకా పట్టగలదు. పరీక్షకు నికెల్ ఇత్తడి 5 రూపాయల నాణెం ఒకటి, స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయి నాణెం ఒకటి, ఓ ఇనుప పెనం చాలు. సన్నని బంగారు గొలుసును పట్టడం దీనికి కష్టం. దాని చిన్న కొక్కీల్లో సుడి ప్రవాహాలు క్షణంలో ఆరిపోతాయి. ఇనుమునూ బంగారాన్నీ ఈ సాదా సర్క్యూట్ వేరు చేయలేదు. బంగారం మాత్రమే చూపుతుందని చెప్పే మాటలు నమ్మరాదు.

ఉప్పునీటి తడి ఇసుక మీద ఈ పద్ధతి మిగతా రకాలకంటే నిలకడగా ఉంటుంది. ఉప్పునీటిలో పుట్టే ప్రవాహాలు సెట్టు వినడం మొదలుపెట్టేలోపే చాలావరకు ఆరిపోవడం ఇందుకు కారణం.

చట్టపరమైన హద్దులు

పట్టాల పక్కన, రైల్వే స్థలాల్లో అనుమతి లేకుండా తిరగడం 1989 రైల్వే చట్టంలోని 147వ సెక్షన్ కింద నేరం. రక్షిత కట్టడాల పరిధిలో తవ్వకాలను 1958 నాటి పురాతన కట్టడాల చట్టం నియంత్రిస్తుంది. నేలలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నిధుల చట్టం చెబుతుంది. 1863లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్‌కు పెరంబూరుకు దక్షిణాన పల్లావరంలో దొరికిన రాతి గొడ్డలి భారత చరిత్రపూర్వ పరిశోధనకు నాంది పలికింది. ఆ రాయి ఎక్కడ దొరికిందో నమోదు కావడం వల్లే దానికి ఆ విలువ వచ్చింది. గుప్తనిధుల ఆశతో తవ్వి పారేసిన చోట చరిత్ర శాశ్వతంగా పోతుంది. ఈ సెట్టును గోడలో పైపులు, పోగొట్టుకున్న తాళంచెవులు, సొంత పెరట్లోని పాత మేకులు వెతకడానికి వాడటమే తగిన పని.

కొలతల పుస్తకం

సెట్టు బాగా పనిచేస్తున్న రోజున బ్యాటరీ వోల్టేజీ, సగటు కరెంటు, గేటు వోల్టేజీ, పల్సుల రేటు, కాయిల్ నిరోధం, డ్యాంపింగ్ విలువ, 5 రూపాయల నాణెం పట్టే దూరం ఒక నోటుపుస్తకంలో తేదీతో రాసిపెట్టాలి. రేపు సెట్టు మూగబోయినప్పుడు అవే అంకెలను మళ్లీ కొలిచి పక్కపక్కన పెడితే ఏది మారిందో ఆ వరుసే చూపుతుంది. సెట్టు తయారుచేసే ప్రతి ఒక్కరూ సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించే ముందు ఈ పుస్తకం తెరవాలి.