తెగువ

‘తెగు’ నుంచి పుట్టిన మాట ఇది. తాడు తెగుతుంది, గట్టు తెగుతుంది, బేరం తెగుతుంది. ప్రాణం మీది తీపి తెంచుకుని దూకితే అదే తెగింపు, తెగువ. తమిళంలో ‘తుణి’కీ తెగడం, తెగించడం అనే ఈ రెండర్థాలూ ఉన్నాయి.

వాడుకలో తేడాలున్నాయి. మెచ్చుకోలుకి తెగువ, మందలింపుకి తెగబడటం, ఛీత్కారానికి బరితెగించడం. నిట్టనిలువు మంచువాలు మీద స్కీలతో దూకేవాడు క్షేమంగా దిగితే తెగువ, కాలు విరిగితే తెగబడ్డాడంటాం.

క్విట్ ఇండియా ఉద్యమంలో 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు; అక్కడి రణరంగ చౌక్ వాళ్ల తెగువకు గుర్తు. బాపట్ల దగ్గర సూర్యలంకలో, రేపల్లె దిగువన నిజాంపట్నంలో పోటెత్తిన కడలి మీదికి పడవ దించడానికీ అదే కావాలి. తెగించినవాడికి తెడ్డే లింగమన్నారు. అయినా తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు వెళ్తే మాత్రం అది తెగబడటమే.