పరికర నిర్వహణలో విధానాల వైరుధ్యం

పరికర నిర్వహణలో విధానాల వైరుధ్యం అనగా ఒకే కంప్యూటరుకు, ట్యాబ్లెట్‌కు లేదా మొబైల్ ఫోనుకు ఒకే అమరిక విషయంలో పరస్పర విరుద్ధమైన రెండు ఆదేశాలు అందడం. పాఠశాలలు, కార్యాలయాలు తమ పరికరాలన్నిటినీ ఒకే చోటు నుండి అదుపు చేయడానికి మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్ (క్లుప్తంగా ఎం.డి.ఎం.) సాఫ్ట్‌వేరును వాడతాయి. అందులో నిర్వాహకుడు నిర్దేశించే నియమాల సమూహాన్ని విధానం లేదా పాలసీ అంటారు. పాస్‌వర్డు నిడివి, కెమెరా వాడకం, అనుమతించిన అప్లికేషన్లు వంటివి దీని పరిధిలోకి వస్తాయి.

నేపథ్యం

ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో, ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ట్యాబ్లెట్ల పంపిణీని ప్రారంభించింది. శ్రీకాకుళం జిల్లాలోని ఆమదాలవలస వంటి పట్టణాలతో సహా రాష్ట్రమంతటికీ ఉద్దేశించిన ఈ పథకంలో, బైజూస్ పాఠాలను ముందుగానే నిక్షిప్తం చేసి, అవాంఛిత అంశాలు కనబడకుండా ఎం.డి.ఎం. రక్షణ కల్పించారు. ఇటువంటి పథకాలలో నియమం బిగిస్తే పాఠమే తెరుచుకోకపోవచ్చు, సడలిస్తే రక్షణే పోవచ్చు. కనుక వైరుధ్య పరిష్కారం విద్యార్థి చదువుకు సంబంధించిన విషయం కూడా.

కారణాలు

* ఒకే పరికరం రెండు సమూహాలలో ఉండడం. ఉదాహరణకు, ఒక ఉపాధ్యాయుని ట్యాబ్లెట్ పొరపాటున విద్యార్థుల సమూహంలో కూడా నమోదైతే, అప్లికేషన్ల స్థాపనకు ఒక పాలసీ అనుమతిస్తుంది, మరొకటి నిషేధిస్తుంది.
* పాత పాలసీని తొలగించకుండా కొత్తదానిని చేర్చడం.
* ఒకే పరికరాన్ని రెండు వ్యవస్థలు నిర్వహించడం.

ప్రాధాన్యతా సూత్రాలు

ఏ పాలసీ నెగ్గుతుందనేది వ్యవస్థను బట్టి మారుతుంది.

* విండోస్ గ్రూప్ పాలసీ: స్థానిక కంప్యూటరు, సైట్, డొమైన్, ఆర్గనైజేషనల్ యూనిట్ అనే క్రమంలో అమలవుతుంది. సాధారణంగా చివరిది నెగ్గుతుంది. అయితే పై స్థాయి పాలసీని ఎన్‌ఫోర్స్‌డ్‌గా గుర్తిస్తే అదే నిలుస్తుంది.
* విండోస్‌లో గ్రూప్ పాలసీ, ఎం.డి.ఎం. రెండూ ఉంటే: సహజంగా గ్రూప్ పాలసీదే పైచేయి. విండోస్ 10 యొక్క 1803 వెర్షను (2018) నుండి అనేక అమరికలలో ఎం.డి.ఎం. నెగ్గేలా మార్చుకునే వీలుంది.
* మైక్రోసాఫ్ట్ ఇన్‌ట్యూన్: కంప్లయన్స్ పాలసీకి కాన్ఫిగరేషన్ పాలసీపై ప్రాధాన్యం ఉంటుంది. రెండు కంప్లయన్స్ పాలసీలలో కఠినమైనది అమలవుతుంది. రెండు కాన్ఫిగరేషన్ పాలసీలు విభేదిస్తే వ్యవస్థ ఆ సంగతి నివేదిస్తుంది, పరిష్కారం మాత్రం నిర్వాహకుడే చేయాలి.
* ఆపిల్ పరికరాలు: పరిమితులు విభేదించినపుడు కఠినమైనది వర్తిస్తుంది.

పరిష్కార క్రమం

# పరికరం సర్వరుతో చివరిసారి ఎప్పుడు అనుసంధానమైందో చూడాలి. ఇంటర్నెట్ లేని పరికరంలో అంతకుముందు అందిన పాలసీయే కొనసాగుతుంది. దీనిని వైరుధ్యమని పొరబడే అవకాశం ఉంది.
# వాస్తవంగా అమలవుతున్న విలువను కనుగొనాలి. విండోస్‌లో జీపీరిజల్ట్ అనే ఆదేశం ఇందుకు ఉపకరిస్తుంది.
# ఆ అమరికను నిర్దేశించే పాలసీలన్నిటినీ, పరికరం చేరిన సమూహాలన్నిటినీ జాబితాగా వ్రాయాలి.
# ఒక్కొక్క అమరికను ఒకే పాలసీలో ఉంచి, మిగిలిన వాటి నుండి తొలగించాలి.
# మార్పును ముందు కొద్ది పరికరాలపై పరీక్షించి, తరువాత అందరికీ వర్తింపజేయాలి.

ఒకేసారి అనేక మార్పులు చేస్తే ఏ మార్పు వలన ఫలితం కలిగిందో తెలియదు. సమస్య తీరాలని భద్రతా పాలసీని పూర్తిగా తొలగించడం కూడా సరికాదు. ప్రతి మార్పును తేదీతో, కారణంతో నమోదు చేస్తే తరువాతి నిర్వాహకునికి అదే సమస్య తిరిగి ఎదురుకాదు.

ఇవి కూడా చూడండి

* ఆపరేటింగ్ సిస్టమ్
* కంప్యూటర్ భద్రత
* ఆండ్రాయిడ్