ఉషేగావ్ ఇత్తడి, పాపున్యా రంగులు

కొండగట్టు అంజన్న గుట్ట మా ఇంటికి దగ్గర. చిన్ననాటి నుండి ఎన్నిసార్లు ఎక్కానో లెక్క పెట్టుకోలేదు. పైన దుకాణాల్లో అమ్మే కుంకుమ పొట్లాలు, పూసల దండలు, ప్లాస్టిక్ గదలు చూసి చూసి కళ్ళకు అలవాటైపోయినవే. అయితే కొన్నేళ్ళ క్రితం వాటి మధ్య ఒక ఇత్తడి నెమలి దీపం నా కాళ్ళకు అడ్డం పడినట్టు ఆపేసింది. ఒంటినిండా సన్నని దారం చుట్టినట్టు గీతలు. రెండు కళ్ళూ సమానంగా లేవు. యంత్రం మీద అచ్చు గుద్దిన సరుకు కాదని తెలుస్తూనే ఉంది.

"ఇదెక్కడిది?" అన్నాను.

"ఆదిలాబాద్ మాల్ సార్. డోక్రా అంటరు."

"చేసినోళ్ళెవరు?"

"అడవిల ఉండెటోళ్ళు సార్. పేర్లు మాకెట్ల ఎరుక?"

ఆయన్ను తప్పు పట్టడానికి లేదు. చేతులు మారి వచ్చిన సరుకు అది. దీపం కొనుక్కుని మెట్లు దిగుతూ ఆయన చెప్పిన రెండు మాటల గురించే ఆలోచించాను. ఆదిలాబాద్, డోక్రా. ఈ రెండు మాటలకే 2018లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. 'ఆదిలాబాద్ డోక్రా' అని.

విచిత్రమేమిటంటే ఈ రెండు మాటలూ చేసేవాళ్ళవి కావు. డోక్రా అన్నది బెంగాల్, ఒడిశా ప్రాంతాల్లో తిరుగాడిన ధోక్రా దామర్లు అనే పోతపనివారి పేరు. వారి పద్ధతితో పోలిక ఉన్న పని దేశంలో ఎక్కడ కనబడినా వ్యాపారమూ ప్రభుత్వమూ కలిసి ఆ పేరే తగిలించాయి. మన దగ్గర ఈ పని చేసేవారు ఓజాలు. వోజారీలనీ అంటారు. ఇక ఆదిలాబాదంటారా, ఓజాల ఊళ్ళలో పేరుపొందిన ఉషేగావ్ ఉన్న జైనూరు మండలం 2016లో జిల్లాల విభజనతో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి పోయింది. రెండేళ్ళ తరువాత వచ్చిన గుర్తింపులో మాత్రం పాత జిల్లా పేరే నిలిచింది. ఊరు ఒకటి, పేరు ఒకటి, కులం ఒకటి, బిరుదు ఒకటి.

డోక్రా గురించి వచ్చే కరపత్రాలు తరచుగా మొహంజొదారో నాట్యకత్తెతో మొదలవుతాయి. ఆమెను పోసిన పద్ధతీ ఇదే కనుక అబద్ధమేమీ కాదు. కానీ నాలుగువేల ఏళ్ళ పైబడిన ఆ పొగడ్త వెనుక నిన్న పొద్దున పొయ్యి ఊదిన మనిషి కనబడకుండా పోతాడు. అందుకని పని ఎలా జరుగుతుందో నాలుగు మాటల్లో చెబుతాను. ముందు మట్టితో లోపలి ఆకారం చేసి ఎండబెడతారు. తేనెమైనాన్ని సన్నని తీగలుగా లాగి దానిచుట్టూ వరుసగా అతుకుతారు. కళ్ళు, ముక్కు, ఈకలు, గజ్జెలు అన్నీ ఆ మైనపు తీగలే. దానిపైన మెత్తటి మట్టి, దానిమీద ముతక మట్టి పూసి, దారి ఒకటి వదిలి, కొలిమిలో కాలుస్తారు. మైనం కరిగిపోతుంది. అది ఖాళీ చేసిన చోటులోకి కరిగిన ఇత్తడి దిగుతుంది. చల్లారాక మట్టిని పగలగొట్టాల్సిందే. అంటే ఒక అచ్చులో ఒకే వస్తువు. మా ఇంటి నెమలికి అక్కచెల్లెళ్ళు ఉండవచ్చుగాని కవల మాత్రం లేదు.

ఒకప్పుడు ఇవి అంగడి సరుకులు కావు. గోండుల వంశదేవత పెర్సపేన్ చిహ్నాల్లో బల్లెపు మొన, చామరంతోబాటు గంటలూ ఉంటాయి. దీపావళి రోజుల్లో దండారీ కట్టి ఊరూరా ఆడే గుస్సాడీలకు గజ్జెలు కావాలి. పశువుల మెడల్లోకి గంటలు కావాలి. ఇవన్నీ ఓజాలే పోసి ఇచ్చేవారు. చేసినవాడి పేరు వస్తువు మీద ఎందుకు లేదన్న ప్రశ్న అప్పట్లో పుట్టదు. కొనేవాడికి చేసినవాడు ఎదురుగానే ఉన్నాడు, వాళ్ళ తాత వీళ్ళ తాతకు చేసిపెట్టాడు. మన విశ్వవిద్యాలయాల్లో తరచుగా వినే 'జానపద కళకు కర్త ఉండడు' అన్న సూత్రం నాకెప్పుడూ నచ్చలేదు. కర్త ఉన్నాడు. రాసిపెట్టుకోవలసిన అవసరం లేనంత దగ్గరగా ఉన్నాడు.

ఆ దగ్గరితనం చెదిరింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అడవులు రిజర్వు కావడం, గోండులు సాగు చేసుకున్న నేల వారిది కాకుండా పోవడం, 1940లో జోడేఘాట్ దగ్గర కుమురం భీం నేలకొరగడం మనకు తెలిసిన చరిత్రే. ఆ తరువాతే నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ సేవలు తీసుకుంది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో మకాం పెట్టారు. గోండీ వాచకాలతో అక్కడ ఉపాధ్యాయ శిక్షణ మొదలయింది. ఆ మార్లవాయి కూడా జైనూరు మండలమే. ఆయన రాతల వల్ల గోండుల గాథలు, వాటిని కీక్రీ మీద పాడే పర్ధానులు పుస్తకాలకెక్కారు.

సరిగ్గా ఈ దీపం కొన్న రోజుల్లో నేను ఆస్ట్రేలియా ఎడారి చిత్రకారుల గురించి చదువుతున్నాను. ఆలిస్ స్ప్రింగ్స్‌కు వాయవ్యంగా సుమారు 240 కిలోమీటర్ల దూరంలో పాపున్యా అనే ఆవాసం ఉంది. పింటుపీ, లురీచా, వార్ల్పిరి, అన్మాట్యెర్ వంటి వేరువేరు భాషలవారిని వారి నేలల నుండి తెచ్చి ప్రభుత్వం అక్కడ ఒకచోట కూర్చింది. 1971లో జెఫ్రీ బార్డన్ అనే బడిపంతులు అక్కడికి వచ్చాడు. ఊరి పెద్దలు బడిగోడ మీద తేనెచీమల పురాణాన్ని చిత్రించారు. అప్పటిదాకా ఇసుక మీద, ఒంటి మీద గీసుకున్న గుర్తులు పలకల మీదికి, తరువాత కాన్వాసు మీదికి వచ్చాయి. ఆ ఏడాది ఆగస్టులోనే కాపా జాంపిజిన్పా ఆలిస్ స్ప్రింగ్స్‌లో బహుమతి అందుకున్నాడు. 1972లో చిత్రకారులే యజమానులుగా 'పాపున్యా తులా ఆర్టిస్ట్స్' సంస్థ ఏర్పడింది. బడిగోడ మీది బొమ్మకు మాత్రం కొన్నేళ్ళకే సున్నం వేసేశారు. బళ్ళకు సున్నం వేయించే అధికారులు అన్ని దేశాల్లోనూ ఒక్కటే కాబోలు.

ఆ కథ అంతా తీపి కాదు. గోప్యంగా ఉండవలసిన పురాణాలు బయటపడ్డాయని సాటి తెగలవారు తొలి చిత్రాలను నిరసించారు. చుక్కల వాడకం పెరగడానికి అదీ ఒక కారణమంటారు. క్లిఫర్డ్ పాసమ్ 1977లో వేసిన ఒక మహాచిత్రం అప్పట్లో 1,200 డాలర్లకు అమ్ముడుపోయింది. అదే 2007లో 24 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు పలికింది. ఆయన 2002లోనే కన్నుమూశాడు. ఇలాంటివి చూశాకే ఆ దేశం 2009లో చట్టం చేసింది. దాని కింద మలి అమ్మకాల్లో కళాకారుడికో వారసులకో నూటికి 5 వంతులు చెందుతాయి. ఇక్కడే ఒక మాట గమనించాలి. చనిపోయినవారి పేరు పలకకూడదన్న ఆచారం ఆ సమాజాల్లో ఉంది. అటువంటి చోట కూడా కళాకేంద్రం ప్రతి చిత్రానికీ గీసినవారి పేరు, కథ, తేదీ నమోదు చేసి ఉంచుతుంది. ఆ పేరు రాసి లేకపోతే 5 వంతులు ఎవరికిస్తారు?

1989లో పారిస్‌లో 'భూమి మాంత్రికులు' అన్న అర్థమొచ్చే పేరుతో ఒక పెద్ద ప్రదర్శన జరిగింది. ఆస్ట్రేలియా ఎడారిలోని యూఎందుమూ చిత్రకారులు అక్కడ నేల మీద బొమ్మ వేశారు. అదే ప్రదర్శనలో మధ్యప్రదేశ్ పాటన్‌గఢ్‌కు చెందిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ కూడా పాల్గొన్నాడు. అతనూ పర్ధానే, మన కీక్రీ గాయకుల బంధువర్గమే. 1982లో తెరిచిన భోపాల్ భారత్ భవన్ వల్ల, అక్కడి స్వామినాథన్ చూపు వల్ల అతనికి పేరు వచ్చింది. 2001లో జపానులోని ఒక మ్యూజియంలో పనిచేస్తూ, ఇంటికి దూరంగా, అతడు ప్రాణం తీసుకున్నాడు. పేరొక్కటే మనిషిని కాపాడుతుందని నేననడం లేదు.

మన వైపు పేరు దక్కినది గుస్సాడీకి. మార్లవాయి కనక రాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. నెమలి ఈకల టోపీ పెట్టాక ఆడేవాడు మనిషి కాదు, దేవుడు. ఆ ఈకల కింది మనిషికి ఢిల్లీలో పేరు పెట్టి పిలిచి గౌరవం చేశారు. ఆయన 2024లో పోయాడు. ఆయన కాలికి మోగిన గజ్జెలు ఎవరు పోశారో ఎవరూ రాసుకోలేదు.

ఉషేగావ్‌కు ఒకసారి వెళ్ళాను. జగిత్యాల, ధర్మపురి దాటి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి, లక్సెట్టిపేట, జన్నారం మీదుగా టేకు అడవిలోంచి ఉట్నూరు, అక్కడినుండి జైనూరు. వాకిట్లో ఒక పెద్దాయన మైనం లాగుతున్నాడు. పక్కన ఇరవై ఏళ్ళ మనవడు గుస్సాడీ బొమ్మకు టోపీ అతుకుతున్నాడు. తాత చేసిన గుస్సాడీ నిలబడి ఉంటే, మనవడిది ఒంటికాలి మీద గెంతుతోంది. ఫోనులో పాపున్యా చిత్రాలు చూపించాను. పెద్దాయన వాటిని పొలాల పటాలనుకున్నాడు, ఒక రకంగా అవి అవే. వస్తువు మీద పేరు వేయరేమని అడిగాను. మా గంట మోగితే మావాళ్ళకు తెలుస్తుంది, పేరెందుకని ఆయన జవాబు.

కొండగట్టులో కొన్నవాడికి తెలియదు కదా తాతా అన్నాను. ఆయన మాట్లాడలేదు.

మనవడు మాత్రం చేతిలోని మైనపు తీగ ముక్కను బొమ్మ పీఠం దగ్గర పెట్టి చూశాడు. మైనంతో ఎలా రాస్తే ఇత్తడిలో అలాగే వస్తుంది, తిరగేసి రాయనక్కరలేదు. "ఏ అక్షరాల్ల రాయాలె సార్?" అన్నాడు. అతడు చదివింది తెలుగు బడి. తాతకు వచ్చిన నాలుగక్షరాలు మరాఠీవి. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల వల్ల గోండీకి తన లిపి తెలిసివచ్చి, అది 2018లో యూనికోడ్‌లోకి కూడా చేరింది. ఆ సంగతి చెప్పాను. ఆ అక్షరాలు నేర్పేవాళ్ళు ఎక్కడున్నారని అడిగాడు. గుంజాల ఎంత దూరమో తాతా మనవడూ గోండీలో లెక్క వేసుకుంటూ ఉండగా నేను లేచి వచ్చాను.