చిట్టా ఎవరి కోసం?

బిజినెస్ ఇంటెలిజెన్స్ (బీఐ) అన్న మాటలో ఇంటెలిజెన్స్‌ను తెలివి అనుకుంటే మొదట్లోనే దారి తప్పుతాం. దాని పాత అర్థం వేగు. రిచర్డ్ మిల్లర్ డెవెన్స్ అనే అమెరికన్ వ్యాపారుల ముచ్చట్లు పోగేసి 1865లో అచ్చువేసిన పుస్తకంలో హెన్రీ ఫర్నీస్ అనే లండన్ బ్యాంకరు గురించి చెబుతూ ఈ మాట వాడాడు. హాలండ్, ఫ్రాన్స్, జర్మనీల నుంచి యుద్ధవార్తలు అందరికన్నా ముందు తెప్పించుకుని ఫర్నీస్ లాభపడ్డాడట. 1958లో ఐబీఎం పరిశోధకుడు హాన్స్ పీటర్ లూన్ ఇదే పేరు పెట్టి, సంస్థలో ఏ కాగితం ఎవరికి అక్కరో యంత్రమే పసిగట్టి చేరవేసే ఏర్పాటును వర్ణించాడు. 1989లో హోవర్డ్ డ్రెస్నర్ ప్రచారంలోకి తెచ్చాక, లెక్కలు చూసి నిర్ణయం తీసుకునే పద్ధతులన్నిటికీ అదే పేరు స్థిరపడింది. 2015లో పవర్ బీఐ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఓ మోస్తరు సంస్థలకూ అది అందుబాటులోకి వచ్చింది. ఇన్నింటిలో నాకు ముఖ్యంగా తోచేది ఒకటే. ఫర్నీస్‌కు వచ్చిన వార్త ఫర్నీస్ కోసమే వచ్చింది.

మన లెక్కల పుస్తకాల పుట్టుక అలాంటిది కాదు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద వరి పెరిగింది, వరి వెంట మిర్యాలగూడ మిల్లులు పెరిగాయి. వాటి చిట్టా ఆవర్జాలు చెప్పేది ఎవరు ఎంత బాకీ అన్నదే. సూర్యాపేట మార్కెట్ యార్డులో రాసే తక్‌పట్టీ రైతుకూ అడ్తిదారుకూ తగాదా రాకుండా కాచే కాగితం. 1986లో బెంగళూరులో గోయెంకా తండ్రీకొడుకులు పెట్టిన సంస్థ టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌ను తెచ్చింది. ఆవర్జా కంప్యూటర్‌కెక్కింది గాని ప్రశ్న మారలేదు. 2017 జులై 1న జీఎస్టీ, మరుసటి ఏప్రిల్‌లో ఈ-వే బిల్లు వచ్చి, కోదాడ మీదుగా ఆంధ్రలోకి దాటే సిమెంటు లారీకి ఇంకో లెక్క తోడైంది. ప్రతిసారీ పుస్తకం బయటివారికి జవాబు చెప్పుకోవడానికే. ఒకప్పుడు అప్పులవాడికి, తర్వాత పన్నుల శాఖకు, మిల్లులైతే పౌరసరఫరాల శాఖకు కూడా. మధ్యస్థాయి సంస్థలు బీఐ సాఫ్ట్‌వేర్ కొని ఆరు నెలల్లో పెదవి విరిచేది ఇందుకే. ఎవరి కోసమో రాసిన లెక్కను ముందు పెట్టుకుని తన ప్రశ్న అడిగితే అదేం చెబుతుంది?

ధాన్యం తేమనే తీసుకోండి. సర్కారు కొనుగోళ్లలో అది 17 శాతం మించకూడదు. 17 శాతంతో వచ్చిన వంద క్వింటాళ్లను 14 శాతానికి ఆరబెడితే 96.5 క్వింటాళ్లు మిగులుతాయి. 20 శాతంతో వచ్చినవైతే 93. కాటా చీటీ మీద రెండూ వందే. ఆ మూడున్నర క్వింటాళ్లు ఆవర్జాలో ఎక్కడా కనపడవు, సీజన్ చివర లాభం తగ్గిందని మాత్రం తెలుస్తుంది. సర్కారు ధాన్యం మరాడించి ఇచ్చేవారు క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పజెప్పాలి. ఒక కిలో అటూ ఇటూ అయితే లాభనష్టాలు తారుమారయ్యే చోట, ఏ ఊరి ధాన్యం ఎంత తేమతో వచ్చి ఎంత బియ్యం, ఎంత నూక, ఎంత తవుడు ఇచ్చిందో తెలియడమే అసలు వేగు. అందుకు కాటా చీటీ మీద లాట్ నంబరు, తేమ అని రెండు గడులు కావాలి. ఆ నంబరు బియ్యం బస్తా దాకా వెంట రావాలి. వస్తే మొదట ఎక్సెల్ చాలు. రాకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా పాత ఆవర్జాకు రంగులద్దినట్టే.

గింజ కొరికి తేమ చెప్పగల యజమానికి ఇదంతా ఎందుకనవచ్చు. ఆ విద్య తక్కువదేం కాదు. కానీ అది ఈ లారీ సంగతి చెబుతుంది, నిరుడు యాసంగిలో అదే ఊరి ధాన్యం ఎంత నూకయిందో పన్ను గుర్తుపెట్టుకోదు. అంతకన్నా గట్టి అభ్యంతరం, మిల్లులో ధాన్యమంతా కలిసిపోతుంది, లాట్లు విడిగా ఉంచడం కుదరదన్నది. పూర్తిగా కుదరని మాట నిజమే. అయితే ఉప్పుడు బియ్యానికి ధాన్యం నానేది ట్యాంకుల్లో. ఏ ట్యాంకులో ఏయే లారీలు పోశారో రాసుకుంటే ట్యాంకే లాట్ అవుతుంది. ఒక్క ట్యాంకు ఫలితం చూసి ఎవరినీ తప్పుపట్టలేం గాని, సీజనంతా రాస్తే ఏ ఊరి ధాన్యం ఉన్నప్పుడల్లా నూక పెరుగుతోందో బయటపడుతుంది. ఇక కోతల రోజుల్లో గేటు బయట లారీలు బారులు తీరి ఉండగా, కాటా దగ్గరి గుమాస్తా ఈ గడులు నింపుతాడా? తేమ రాయని చీటీకి డబ్బు చెల్లించేది లేదని యజమాని అంటే నింపుతాడు.