కుంకుమ, నలుగుపిండి, కాటుక: అమీర్‌పేట అంగళ్లలో కొన్ని పేర్ల చరిత్ర

పేరు నిలిచియుండగా వస్తువు మారిపోవుట భాషాచరిత్రయందు సామాన్యవిషయము. ఆ వస్తువు మేనికి పూసికొనునది యైనపుడు మాత్రము ఈ మార్పు నిఘంటుకారునికే పరిమితమై యుండదు. హైదరాబాదు నగరమునందలి అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములలో నేడు అమ్ముడగుచున్న కొన్ని అలంకారద్రవ్యముల పేర్లను ఈ దృష్టితో పరిశీలించుట మా యుద్దేశము.

ఈ ప్రాంతమునే ఎన్నుకొనుటకు కారణము కలదు. అమీర్‌పేట కూడలికి అనతిదూరమున బల్కంపేట ఎల్లమ్మ గుడి యున్నది. నేలమట్టమునకు దిగువ వెలసిన ఆ తల్లికి ఏటేట ఆషాఢమున కల్యాణము జరుగును. గుడిముంగిట పసుపుకుంకుమలు రాసులుగా పోసి అమ్ముదురు. సమీపమునందే మైత్రీవనము చుట్టును కంప్యూటరు శిక్షణాలయములును, విద్యార్థినుల వసతిగృహములును, వారికై వెలసిన ముఖలేపనముల అంగళ్లును కలవు. పంజాగుట్టవైపు సాగినకొలది అద్దపు బీరువాలలో సీమపేర్ల సరకు కనిపించును. ఇంచుమించు ఒక మైలు నిడివిలో మూడు కాలముల ద్రవ్యములు ఒకేసారి అమ్ముడగుచున్నవి.

మొదట కుంకుమ. సంస్కృతమున కుంకుమ మనగా కాశ్మీరమునుండి వచ్చు పువ్వుకేసరము. ఈ యర్థమును తెలుగు పూర్తిగా మరువలేదు. ‘కుంకుమపువ్వు’ అనుటలో అది నేటికిని నిలిచియున్నది. అంత వెలగల కేసరము అందరి నుదుటికి అందునది కాదు. పసుపును క్షారముతో కలిపిన ఎఱ్ఱనగును గదా! ఆ యెఱుపే కుంకుమ యను పేరును గ్రహించినది. పసుపునందలి కుర్కుమిన్ అను ద్రవ్యము క్షారసంపర్కమున రంగు మార్చుటయే ఇందలి రహస్యము. పెండ్లికూతురి పాదములకు పెట్టు పారాణియు పసుపు సున్నముల కలయికయే. దానిపై నిమ్మరసము పడిన మరల పసుపువన్నెకు తిరుగును. పసుపుచీరపై సబ్బు తగిలి ఎఱ్ఱమరక యేర్పడుట ఎఱిగిన గృహిణికి ఈ రసాయనశాస్త్రమును మేము వేరుగా బోధింపనక్కఱలేదు. వెలిగారమును నిమ్మరసమును చేర్చి చేసిన కుంకుమ మాత్రము పులుపునకు లొంగక ఎఱ్ఱగనే నిలుచును.

మూడవ దశ మన కాలమునాటిది. నేడు చౌకగా దొరకు కుంకుమలో పెక్కింట పసుపే యుండదు. పిండికో సుద్దపొడికో కృత్రిమమైన రంగు పట్టించి చేయుదురు. సుడాన్ జాతి రంగులవలన నుదుట దురద పుట్టుట, పిదప నల్లమచ్చ నిలిచిపోవుట చర్మవైద్యులు ఎఱిగిన విషయమే. ఇక కుంకుమకు బదులుగా వచ్చిన బొట్టుబిళ్ల కథ వేరు. దాని జిగురులో చేరెడి పారా టెర్షియరీ బ్యూటైల్ ఫీనాల్ చర్మమునకు వన్నె నిచ్చు కణములను చెఱచును. బిళ్ల పెట్టిన చోటనే గుండ్రముగ తెల్లమచ్చ యేర్పడును. దానిని బొల్లి యని భ్రమపడి పెండ్లి సంబంధములను వదలుకొనువారు గల సమాజమున ఇది చిన్న విషయము కాదు.

నలుగుపిండి చరిత్ర ఇంతకంటె నెమ్మదియైనది. కొన్ని సీమలలో దీనినే సున్నిపిండి యందురు. సున్నియుండలలోని సున్నియే ఇందును కలదని తలచుచున్నాము. పెసరపిండియో సెనగపిండియో నూనెను పీల్చుకొనును. కచ్చూరములును వట్టివేళ్లును పరిమళము నిచ్చును. తలంటునకు వాడు కుంకుడు, సీకాయలలో నురుగును పుట్టించు సపోనిను లుండుటచే అవి సబ్బు రాకకు ముందే సబ్బు పనిని చేసినవి. సబ్బన్న మాట అరబ్బీ ‘సాబూన్’నకు చుట్టము. కొందఱు నలుగుపిండిలో బావంచాలు కూడ కలుపుదురు. ఇవి బొల్లికి ప్రసిద్ధమైన మందు. వీనిలోని సొరాలెన్ సూర్యరశ్మితో కూడినపుడే పనిచేయును. ఆ కారణముననే దానిని పూసికొని యెండలో తిరిగిన చర్మము కమిలి బొబ్బలెక్కుటయు కలదు. ప్రకృతిజన్యమైనదెల్ల నిరపాయకర మని అట్టపై అచ్చొత్తు వర్తకులు ఈ గింజను తలచుకొనినచో మేలు.

కాటుక విషయమున చెప్పవలసినది కొంచెమే. ఇంట ఆముదపుదీపపు మసితో చేసినది కాటుక. పాతనగరమున పేరొందిన సుర్మా రాతిపొడి. అంజనపురాయి పేర అమ్మునది తఱచుగా సీసపుఖనిజమే. రెండును నల్లనివే, రెండును కంటివే. ఒకటి వట్టి మసి, రెండవది విషము.

ఈ ద్రవ్యములు గృహములకే పరిమితములై యుండలేదు. కల్యాణపు చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో కూర్చిన మానసోల్లాసమున స్నానమునకును మేనిపూతలకును ప్రత్యేక ప్రకరణములే కలవు. ఆ కల్యాణము 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. కాకతి గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనమున (1244-45) ఓడసరకులపై సుంకములు చెప్పబడినవి. అందు శ్రీగంధము, కర్పూరము, చీనికర్పూరము, పన్నీరు, జవాది, కర్పూరతైలము కానవచ్చుచున్నవి. సుంకము వేయదగినంత వ్యాపారము వీనికుండె నన్నమాట.

20వ శతాబ్దిలో ‘స్నో’ వచ్చినది. 1919లో బొంబాయిలో పుట్టిన ఆఫ్ఘాన్ స్నో పేరును వృద్ధులు నేటికిని తలచుకొందురు. స్నో యనగా మంచు. అందున్నది మంచు కాదు, కొవ్వునుండి తీసిన స్టియరికామ్లమును కొంత క్షారముతో కలిపి నీటిలో చిలికిన ముద్ద. టాటావారు 1952లో నెలకొల్పిన లాక్మే పేరు మఱింత వింతది: మన లక్ష్మియే ఫ్రెంచి గీతనాటకమునకు పోయి, ఉచ్చారణ మార్చుకొని తిరిగి వచ్చినది. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో ‘ఫెయిర్’ను వదలుకొని గ్లో అండ్ లవ్లీ యైనది. తెల్లదనముపై మోజు మాత్రము పేరుతో పాటు పోలేదు. కేరళలోని మలప్పురము జిల్లాలో 2023లో పాదరసము కలిసిన తెలుపుపూతలు వాడినవారికి మూత్రపిండములు చెడిన వార్త దానికి సాక్ష్యము.

1940 నాటి ఔషధశాసనమునకు 1962లో జరిగిన సవరణచే అలంకారద్రవ్యములును దాని పరిధిలోనికి వచ్చినవి. వానిలో వాడు రంగులయందు సీసము పదిలక్షల పాళ్లకు 20 పాళ్లును, ఆర్సెనిక్కు 2 పాళ్లును మించరాదు. ఈ శాసనమును తెలంగాణమున అమలుజరుపు ఔషధ నియంత్రణ కార్యాలయము అమీర్‌పేట చెంతనే, వెంగళరావునగరమున నున్నది. పెట్టెపై ద్రవ్యముల జాబితాను ఎక్కువ పాలున్నది ముందు వచ్చునట్లు వ్రాయవలెను. కావున ముందువైపు పసుపుకొమ్ము బొమ్మయు, వెనుకవైపు జాబితా చివరి వరుసలో పసుపు పేరును గల పెట్టెలో పసుపు పాలెంతయో చదువరి తానే గ్రహింపగలడు. బల్కంపేట వీథిలో గిన్నెతో కొలిచి, కాగితమున పొట్లము కట్టి యిచ్చు కుంకుమకు అట్టి జాబితా యేదియు లేదు.